మిల్లు వాసన రాని జూన్

జూన్ 2

మంచం దిగాను. మే నెలలో సగాన్ని జలుబూ జ్వరమూ కలిసి మింగేశాయి. పక్కన కూర్చుని గ్వెండా అక్క పెట్టిన పోరు మూడో రోగం. "మూలుగు తగ్గించరా, టీవీ వినబడి చావడం లేదు" అనేది. ఎనభై దాటిన మనిషి. నేను ఆవిడకంటే ముందు పోతే చెత్తబుట్ట రోడ్డు మీదకి ఎవరు లాగుతారన్నదే ఆవిడ బెంగ.

ఆస్ట్రేలియాలో చెరుకు పండే మా మకాయ్ ఊళ్ళో లెటర్‌బాక్సుల్లో ఉచితంగా పడే వారపత్రికలో నా కాలమ్ "క్లారీ తిన్నాడు" రెండు వారాలు రాలేదు. ఊరేం మునిగిపోలేదు, కానీ మునగాల్సిందని నా అభిప్రాయం. నేను బడిలో నేర్చింది తక్కువ. చిన్నప్పుడు చేపల వేపుడు చుట్టి ఇచ్చిన పాత పేపర్లు నూనె మరకల్లోంచి కూడబలుక్కుని చదివాను. అందుకే నాకు చదువూ తిండీ విడివిడిగా రావు. ఉద్యోగమంతా పంచదార మిల్లులో చెరుకు రైలు తోలడమే. రిటైరయ్యాక తినడం, రాయడం.

పత్రికలో వేయలేనివి ఇక్కడ రాసుకుంటాను. మొదటిది: పచ్చిక మీద బంతులు దొర్లించే మా బౌలింగ్ క్లబ్బు అధ్యక్షుడు ట్రెవర్ లిండ్‌క్విస్ట్ ఫోన్ చేశాడు. ఇన్సూరెన్సులు అమ్మి రిటైరైన మనిషి, గొంతులో ఇంకా పాలసీలున్నాయి. "క్లారీ గారూ, ఇరవై ఐదున కమిటీ మీటింగు. క్లబ్బు కిచెన్ కాంట్రాక్టు కార్మెన్‌కే పొడిగించాలా, బ్రిస్బేన్ కంపెనీకి ఇవ్వాలా తేల్చాలి. మీరొకసారి తిని, ఉన్నదున్నట్టు రాయండి. మీ మాట మీద నడుద్దాం" అన్నాడు.

బ్రిస్బేన్ కంపెనీ అంటే ఫ్రీజర్లోంచి ప్యాకెట్టు తీసి వేడిచేసేవాళ్ళు. కార్మెన్ బుటిజీజ్ వంట తెలిసినవాడెవడికీ తేల్చడానికేమీ ఉండదు. అయినా తిని, ఉన్నదున్నట్టే రాస్తాను. మొహమాటానికి రాసే కలం నాది కాదు.

జూన్ 4

నది ఒడ్డు హోటల్లో చికెన్ పార్మీ, అంటే వేయించిన కోడి ముక్క మీద టమాటా సాసూ చీజూ. విక్టోరియా రాష్ట్రంవాళ్ళు దీన్ని పార్మా అంటారు. ఈ ఒక్క అక్షరం మీద చెరుకు నరికేవాళ్ళ గుడిసెలో ఇద్దరు కొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. దెబ్బలు తిన్నవాడు పార్మావాడు. అది వేరే కథ.

మాంసం చక్కగా పరిచారు, చీజు బంగారంలా కరిగింది. నోట్లో పెట్టుకుంటే అట్టముక్క. వడ్డించే అమ్మాయిని పిలిచాను.

"వంటాయన మారాడా?"

"లేదు క్లారీ, ఆ బ్రెట్టే."

"అయితే బ్రెట్‌కి చెప్పు, టమాటా సాసులో టమాటా కూడా వేస్తారని."

ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

జూన్ 5

పాలు విరిగాయని అక్క గోల. బాగానే ఉన్నాయి. గ్లాసు నిండా తాగి చూపించాను.

జూన్ 8

సుమాలీ థాయ్ హోటల్. ముక్కు కారేంత కారం వేయమన్నాను. కారింది. కళ్ళూ కారాయి. కారం ఉంది, కూర లేదు. తులసాకు వేసి వండే కోడి అది. ఆ ఆకును గిన్నెకు దూరం నుంచి చూపించి తీసేసినట్టుంది. సుమాలీని అడిగితే, "అదే ఆకు, మా పెరట్లో అదే మొక్క" అంది. ఆడమనిషితో వాదించలేదు. పత్రికలో వాదిస్తాను.

ఒకటి స్పష్టంగా కనబడుతోంది. నేను మంచాన పడ్డ రెండు వారాల్లో ఊళ్ళో కిచెన్లన్నీ కూడబలుక్కున్నట్టు చప్పబడ్డాయి. అడిగేవాడు లేకపోతే ఇంతే. ఈ ఊరిని మళ్ళీ దారిలో పెట్టేదాకా వదలను.

జూన్ 11

మిల్లులో చెరుకు క్రషింగ్ మొదలైంది. పొద్దున్నే చెరుకు రైలు కూత విని వరండాలోకి వచ్చాను. మిల్లు పొగ తిన్నగా లేచి, మా కప్పు మీదుగా సముద్రంవైపు వంగింది. వాసన మాత్రం లేదు.

ఈ ఊళ్ళో పుట్టినవాడికి జూన్ అంటే వాసనే. ఉడికే పాకం, మాగిన మడ్డి, కొంచెం మాడిన గడ్డి. ఆరేసిన దుప్పట్లకి పట్టేది. పెళ్ళికొడుకుల కోట్లకి పట్టేది. మా నాన్న శవపేటిక మోసిన రోజు కూడా ఆ వాసనలోనే నడిచాం. కొత్తగా వచ్చినవాళ్ళు కిటికీలు మూసుకుంటారు, మేం లోపలికి పీల్చుకుంటాం.

ఇన్నేళ్ళకు మిల్లువాళ్ళు చిమ్నీకి ఏదో జల్లెడ బిగించినట్టున్నారు. ఇంజనీర్లు పనిచేస్తారని నేనెన్నడూ అనుకోలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జూన్ 15, శనివారం

క్లబ్బు. శనివారం కుందేలు. కార్మెన్ తాత మాల్టా నుంచి చెరుకు నరకడానికి వచ్చాడు. ఆ కత్తి తర్వాత వదిలేసినా, అక్కడి నుంచి తెచ్చిన కుందేలు వంట మాత్రం ఇంట్లో నిలిచింది. వైనూ వెల్లుల్లీ వేసి కార్మెన్ పొద్దుటి నుంచీ సన్నసెగ మీద ఉడికిస్తుంది. ఆ కుందేలు కోసం నేను ఒకసారి రైలును లైను మీదే ఆపి దిగి వచ్చాను. వెనక ముప్ఫై పెట్టెల చెరుకు ఎండింది. ఫోర్‌మన్ తిట్టడానికి వచ్చి, నాతో కూర్చుని తిన్నాడు.

ఇవాళ మెత్తగా ఉంది. వేడిగా ఉంది. అంతే. పొరపాటు పడ్డానేమోనని రెండో ప్లేటు తీసుకున్నాను. ఉడికిన దూది.

కార్మెన్ ఏప్రానుకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఏంటి క్లారీ, అంత దిగులుగా తింటున్నావు? కుందేలు మీ చుట్టమా?"

"బాగుంది" అన్నాను. అబద్ధం. నోట్లోకి ముద్ద వెళ్ళినంత సులువుగా బయటికి వచ్చింది.

ఇంటికి వచ్చే దారిలో, నాతో వచ్చి తిన్న అక్కతో అన్నాను, కార్మెన్ చెయ్యి పోయిందని.

"నీ మొహం. నా ప్లేటు కడగక్కర్లేకుండా తిన్నాను, చూళ్ళేదా?"

"వయసక్కా. నీ నాలుక మొద్దుబారింది."

అక్క కారు కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఇల్లు వచ్చేదాకా ఇటు తిరగలేదు.

జూన్ 17

మూడుసార్లు రాసి చించాను. కార్మెన్ స్నేహితురాలు. ఆవిడకు ఆ కిచెన్ తప్ప వేరే బతుకు లేదు. భర్త పోయిన మర్నాడు కూడా పొయ్యి వెలిగించిన మనిషి. కానీ సుమాలీ గురించి నిజం రాసి, బ్రెట్ గురించి నిజం రాసి, కార్మెన్ దగ్గరికి వచ్చేసరికి కలం వంచితే, నేను రాసినవన్నీ అబద్ధాలే అవుతాయి.

రాశాను. "కార్మెన్ చెయ్యి అలిసిపోయింది. కుందేలు ఉడికిన దూదిలా ఉంది." చివర్న మనసు తేలిక కావడానికి మిల్లువాళ్ళకి రెండు మంచి ముక్కలు: "ఈ సీజన్ మిల్లు వాసన లేకుండా నడుస్తోంది. ఇంజనీర్లకి అభినందనలు."

పంపేశాను. నిద్ర బాగా పట్టింది.

నిద్ర పట్టలేదు.

జూన్ 20

అచ్చయింది. ట్రెవర్ ఫోన్. "ధైర్యం అంటే మీదండీ. మీటింగులో నేనే స్వయంగా చదివి వినిపిస్తాను." గొంతులో పాలసీ అమ్ముడుపోయిన సంతోషం.

మందుల షాపు దగ్గర ఇద్దరు ముగ్గురు భుజం తట్టి, "మిల్లు మాట భలే వేశావయ్యా, పొట్ట చెక్కలయింది" అన్నారు. నేను జోకు వేయలేదు. కుందేలు గురించి మాత్రం ఎవరూ నవ్వలేదు. దాన్ని అందరూ నమ్మారు.

జూన్ 22, శనివారం

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. రాసినవాడు ముఖం చాటేయకూడదు.

క్లబ్బు సగం ఖాళీ. ఉన్నవాళ్ళు నీళ్ళు తాగుతున్నారు, తెగ తాగుతున్నారు. నేనూ ఒక ముద్ద తిన్నాను. ఉప్పు! చివరికి ఏదో ఒకటి తగిలింది. చూశావా, నా మాటతో దారిన పడుతోంది అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే అనుకున్నాను.

కార్మెన్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కూర్చోలేదు.

"ఏం తక్కువైందో చెప్పు క్లారీ. నువ్వు రాసింది చదివినప్పటి నుంచి గరిటె నోట్లో పెట్టుకుంటే ఏమీ తెలియడం లేదు. ఉప్పు వేస్తున్నాను. మళ్ళీ వేస్తున్నాను. ఇందాక ఒకాయన ప్లేటు వెనక్కి పంపాడు. నా కిచెన్లోకి ప్లేటు వెనక్కి రావడం... చెప్పు, వెల్లుల్లా? ఆకా? వైనా?"

"అన్నీ కొంచెం కొంచెం" అన్నాను.

"అన్నీ" అంది కార్మెన్. లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు కెల్విన్ వచ్చి కూలబడ్డాడు. ఒకప్పుడు నా రైల్లోనే బ్రేకులు చూసేవాడు. ఇప్పుడు క్లబ్బు పచ్చికకి ఎరువు వేసి, కోసి, తడుపుతాడు.

"ఒరే క్లారీ, మిల్లు మాట మాత్రం అదిరిందిరా. మా ఆవిడ పేపరు కోసి ఫ్రిజ్ మీద అంటించింది."

"జోకేముందిరా అందులో? వాసన రావడం లేదు కదా."

"ఊఁ, అలాగే. ఇప్పుడు గాలి ఇటే. ఈ తలుపు తెరిస్తే బీరు కూడా తియ్యగా అయ్యేలా ఉంది."

తలుపు తెరిచే ఉంది.

వీడు నన్ను ఆటపట్టిస్తున్నాడు. కుర్రతనం నుంచీ వీడికి ఇదే పని.

జూన్ 23

మిల్లు దగ్గరికి వెళ్ళాను. కంచె పక్కన, ఆవిరి దిగే చోట, గాలికి ఎదురుగా నిలబడ్డాను. ఒక తల్లి పిల్లని చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఆ పిల్ల ముక్కు మూసుకుని, "అమ్మా, కంపు, కంపు" అని గెంతుతోంది. "కంపు కాదే, పంచదార పుట్టేటప్పుడు ఇలాగే ఉంటుంది" అంటోంది తల్లి.

నేను గుండె నిండా పీల్చాను. ఆవిరి వెచ్చగా ముక్కులోకి వెళ్ళింది. తడిగా వెళ్ళింది. తిరిగి వచ్చింది.

ఏమీ లేదు.

సాయంత్రం.

ఇంటికి వచ్చి వంటగది తలుపు వేసుకున్నాను. ఉల్లిపాయ కోశాను, కళ్ళు మండాయి, వాసన లేదు. యూకలిప్టస్ నూనె: లోపల చల్లగా ఏదో తగిలింది, వాసన లేదు. రొట్టెకి రాసుకునే వెజిమైట్ సీసా: నాలుకకి ఉప్పు. తేనె: తీపి. తేనె తేనెలా లేదు, చక్కెర నీళ్ళలా ఉంది. కాఫీ చేదు. కిరసనాయిలు సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే అక్క తలుపు తోసుకుని వచ్చింది.

"తాగకురా! అంత బాధ ఏమొచ్చింది?"

చెప్పాను.

అక్క ఆశ్చర్యపోలేదు. "విరిగిన పాలు గ్లాసుడు తాగిన రోజే అనుకున్నాను."

"మరి చెప్పవేం?"

"చెప్పాను కదరా పాలు విరిగాయని. నీకెవరు చెప్తే వింటావు? వయసన్నావు, మొద్దుబారిందన్నావు." సీసా లాక్కుని మూత బిగించింది. "ఇప్పుడు కార్మెన్ సంగతేంటి?"

జూన్ 24

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. జ్వరంలో పోయి ఉంటుందట. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. డాక్టర్లు కూడా కాలమ్ రాస్తే ఇలాగే రాస్తారు.

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాసుకుంటాను. పొద్దుటి నుంచీ ఒక ఆలోచన వదలడం లేదు. ఎవరికీ తెలియదు. ఊళ్ళో ప్రతి కిచెన్ రుచీ నాకు కంఠతా వచ్చు. బ్రెట్ సాసు ఎలా ఉంటుందో, సుమాలీ ఆకు ఎక్కడ తగులుతుందో కళ్ళు మూసుకుని రాయగలను. వచ్చే వారం కార్మెన్ గురించి "మళ్ళీ పుంజుకుంది" అని ఒక్క వాక్యం పెడితే అందరూ సుఖం. నా కాలమ్ నాకుంటుంది.

కానీ పత్రిక వచ్చేది గురువారం. మీటింగు రేపు.

ఇంకోటి. పుంజుకుంది అంటే ముందు పడిపోయిందనే కదా. ఆవిడ పడిపోలేదు. ఆవిడ ఇప్పుడు ఉప్పు మీద ఉప్పు వేస్తోందంటే అది నా పని.

రేపు వెళ్తాను. నిలబడి చెప్తాను. అక్క నా నీలం చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అడగలేదు, అయినా చేస్తోంది.

జూన్ 25

మొత్తం రాసుకోవాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

క్లబ్బు హాల్లో కమిటీ ఒక బల్ల చుట్టూ, సభ్యులు కుర్చీల్లో. కార్మెన్ వెనక గోడకి ఆనుకుని నిలబడింది, ఏప్రాను తీయలేదు. ట్రెవర్ కళ్ళద్దాలు పెట్టుకుని నా కాలమ్ చదివాడు. ఉడికిన దూది దగ్గర కాసేపు ఆగాడు. నా వాక్యం ఇంకొకడి నోట్లో అంత అసహ్యంగా ఉంటుందని నాకు తెలియదు.

లేచాను. "అది చెల్లదు. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ నాకు వాసన తెలియడం లేదు. కుందేల్లో ఏ లోపమూ లేదు, లోపం నా ముక్కులో ఉంది. సుమాలీ దగ్గరా అంతే, బ్రెట్ దగ్గరా అంతే. నేను రాసిందంతా తప్పు."

ట్రెవర్ చిన్నగా నవ్వాడు. "క్లారీ గారూ, మీ మనసు వెన్న. రాసేశాక బాధపడి ఆవిడ కోసం ఈ మాట చెప్తున్నారు. మాకు అర్థమవుతుంది. కూర్చోండి."

"నిజం చెప్తున్నానయ్యా."

"మకాయ్‌లో క్లారీకి రుచి తెలియదంటే ఎవరు నమ్ముతారండీ?" అందరూ తలలూపారు, ప్రేమగా. ఇన్నేళ్ళూ సంపాదించుకున్న పేరు ఇవాళ నన్ను కూర్చోబెడుతోంది. గోడ దగ్గర కార్మెన్ కూడా తల ఊపింది. "వద్దు క్లారీ. జాలిపడి అబద్ధాలు చెప్పకు. ఉన్న పరువైనా ఉండనీ."

అది తగిలింది. అవసరమైన మాట చెప్తే ఎవరూ వినరు, మొన్న చెప్పిన తప్పు మాత్రం ఊరంతా విన్నది.

"కెల్విన్" అన్నాను, "నీ షెడ్డులో చేపల ఎరువు ఉందా?"

"ఉంది. ఎందుకురా?"

"డబ్బా పట్రా. మూత ఇక్కడ తెరువు."

"ఒరే, అది పాతదిరా. ఎండలో ఉబ్బింది. ఇంట్లో తెరిచేది కాదు."

"పట్రా."

తెచ్చాడు. బల్ల మీద, ట్రెవర్ కాగితాల పక్కన పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని మూత లేపాడు. లోపల గోధుమరంగు జావ, దాని మీద బుడగలు. మొదట ముందు వరస లేచింది. తర్వాత ఎవరో "దేవుడా" అన్నారు. కుర్చీలు పడ్డాయి. కమిటీ కోశాధికారి నోటికి టోపీ అడ్డం పెట్టుకుని వరండాలోకి పరుగు. నేను డబ్బా రెండు చేతులా పట్టుకుని, ముఖం దించి, పొద్దున్నే సముద్రపు గాలి పీల్చినట్టు పీల్చాను. ఆగి, మళ్ళీ పీల్చాను. కళ్ళల్లో నీళ్ళు రాలేదు. రావాల్సింది, వేరే కారణాలకి.

"ఏం కూరిది, ట్రెవర్?" అన్నాను. "నేనైతే కొంచెం ఉప్పు తగ్గిందని రాస్తాను."

ట్రెవర్ రుమాలు అడ్డం పెట్టుకుని, పాలిపోయిన మొహంతో నన్ను చూశాడు. అతను కూడా బయటికి నడిచాడు. హాల్లో నేనూ కార్మెనూ మిగిలాం. ఆవిడ ఏప్రాను అంచుతో ముక్కు మూసుకుని నన్నే చూస్తోంది.

"నిజమేనా?" అంది బట్టలోంచి.

"నిజమే."

"అయితే ఆ కుందేలు..."

"అక్క తన ప్లేటు నాకి మరీ తినేసింది."

ఆవిడ నన్ను కౌగిలించుకుంటుందని ఎక్కడో ఆశపడ్డాను. "మూత పెట్టు ముందు, ముసలి వెధవా" అని, వెళ్ళిపోయింది.

మీటింగు వరండాలో, బౌలింగ్ పచ్చిక వైపు నిలబడి ముగించారు. క్రిస్మస్ దాకా కిచెన్ కార్మెన్‌దే, తర్వాత మళ్ళీ చూస్తారట. ట్రెవర్ ఓటు అటే పడింది, కానీ అతని చెయ్యి ఎవరికీ కనబడేంత పైకి లేవలేదు.

జూన్ 26

పత్రిక ఎడిటర్ టీగన్‌కి నేనే ఫోన్ చేశాను. ఎరువు సంగతి అప్పటికే తెలిసింది.

"కొన్నాళ్ళు ఆపుదాం క్లారీ గారూ, వాసన వచ్చాక మళ్ళీ..."

"ఆపొద్దు. చివరిది ఒకటి వెయ్యి. బ్రెట్, సుమాలీ, కార్మెన్, ముగ్గురి పేర్లూ ఉండాలి. మొదటి వాక్యంలో ఉండాలి. తర్వాత తీసెయ్యి."

"రేపటి పేజీ ఆపి ఉంచాను, పంపండి" అంది ఆ అమ్మాయి.

చిన్నదే. రాయడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది. దానిలో ఒక్క జోకు కూడా లేదు. మిల్లు సంగతి కూడా సరిచేశాను. ఇంజనీర్లకి ఇచ్చిన అభినందనలు వెనక్కి తీసుకున్నాను.

జూన్ 28

ఇవాళ పని లేదు. ఇల్లంతా తిరిగాను. అక్క, "కూర్చోరా, నా కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

జూన్ 29, శనివారం

వెళ్ళాం. ఇదివరకటి బల్ల. క్లబ్బు నిండలేదు కానీ ఖాళీగా లేదు. సుమాలీ వచ్చింది, తన హోటల్ కాసేపు మూసి వచ్చిందట. నన్ను చూసి చిరునవ్వు నవ్వలేదు. కుర్చీ మాత్రం మా బల్ల దగ్గరికే లాక్కుంది. ఆవిడకీ అక్కకీ మధ్యలో నేను, క్లాసులో తప్పు చేసిన కుర్రాడిలా.

కార్మెన్ వడ్డించడానికి రాలేదు. కిచెన్‌కి వడ్డించే కిటికీ ఒకటుంది, అందులోంచి పొయ్యి కనబడుతుంది. కుందేలు గిన్నె ముందు ఆవిడ నిలబడి ఉంది. చేతిలో చెంచా. ముంచింది, ఊదింది, నోట్లో పెట్టుకుంది. అక్కడే ఆగిపోయింది. అలా ఆగడం నేను ఎన్నడూ చూడలేదు. కార్మెన్ రుచి చూడటమంటే నడుస్తూ చూడటం, మాట్లాడుతూ చూడటం. ఇప్పుడు కళ్ళు మూసుకుని నిలబడింది. పక్కన ఉప్పు.

క్లబ్బులో ఎవరో గట్టిగా నవ్వారు. ఆవిడ కదల్లేదు.

నాకు అరవాలనిపించింది, బాగుంది, ఏమీ తగ్గలేదు అని. నోరు మూసుకున్నాను. నేను ఆ మాట చెప్పకపోవడమే ఇప్పుడు నేను చేయగలిగిన పని.

కార్మెన్ కళ్ళు తెరిచింది. రెండో చెంచా తీసుకోలేదు, ఉప్పు ముట్టుకోలేదు. గిన్నె మూత వేసి, కిటికీ బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టింది. "కుందేలు రెడీ! ఎవరికీ రెండోసారి చెప్పను!"

అందరూ లేచారు. సుమాలీ, అక్క, కెల్విన్, చివర్న ట్రెవర్ కూడా. నేను వాళ్ళ వెనక వరసలో నిలబడ్డాను.